సంక్రాంతి నుంచి ఒంటిపూట బడుల దాకా: హైస్కూల్ వేడుకలపై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో స్టేట్ సిలబస్ హైస్కూళ్లకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఊపిరాడదు. ఒకపక్క పదో తరగతి పరీక్షలు తరుముకొస్తుంటాయి, ఇంకోపక్క ఏడాది వేడుకల్లో పెద్దవన్నీ ఈ కాలంలోనే వచ్చిపడతాయి. స్కూల్లో కల్చరల్ కమిటీ పని నెత్తినేసుకున్న టీచర్‌ని కాబట్టి తల్లిదండ్రులూ పిల్లలూ నన్ను ఏటా ఇవే అడుగుతుంటారు. జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. తేదీలు మాత్రం మీ స్కూల్ సర్క్యులర్‌లో చూసుకోండి.

సంక్రాంతి సెలవుల ముందు స్కూల్లో ఏమేం ఉంటాయి?

కొత్త సంవత్సరంలో మొదట వచ్చేది జనవరి 3, సావిత్రీబాయి ఫూలే జయంతి. తెలంగాణలో 2025 నుంచి ఆ రోజును మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుతున్నారు. ప్రార్థన సమయంలో ఒక చిన్న సభ పెట్టి, మేడమ్‌లకు పిల్లలు గులాబీలు ఇస్తారు. అరగంటలో అయిపోతుంది.

అసలు సందడి ముగ్గుల పోటీది. సెలవులకు ముందు రోజు గ్రౌండ్‌లో నీళ్లు చల్లి, సుద్దముక్కతో గడులు గీసి, ఒక్కో జట్టుకు ఒక్కో గడి ఇస్తాం. ఇందులో నాకో పట్టింపు ఉంది. రంగులు దండిగా పోసిన ముగ్గుకే జడ్జీలు మార్కులు వేస్తుంటారు. చుక్కలు లెక్కపెట్టి, చెయ్యెత్తకుండా మెలికల ముగ్గు వేసిన పిల్ల పక్కన నిలబడి చూస్తూ ఉండిపోతుంది. అందుకే రెండింటికీ వేర్వేరు బహుమతులు పెట్టమని అడిగి సాధించాను. మగపిల్లలూ పేరివ్వొచ్చు. ఇస్తున్నారు కూడా, పైగా వాళ్ల గీత చాలా శ్రద్ధగా ఉంటుంది.

పతంగులు స్కూల్‌కి తెచ్చుకోవచ్చా?

వద్దు. డాబా మీదికి అసలే పంపం. ధూల్‌పేటలో కొన్న పతంగి ఎంత ముద్దొచ్చినా ఇంట్లోనే ఉంచండి. పండుగ రోజు పతంగుల దారాలతో పేచీ వేసి, ఎదుటివాడిది తెగితే గల్లీ అంతా వినిపించేలా అరవండి, ఎవరూ వద్దనరు. చైనా మాంజా మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. నైలాన్, సింథటిక్ దారాలతో చేసే మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. బైక్ మీద పోయేవాళ్ల మెడలు కోసేది, చెట్లకు చిక్కుకుని పక్షుల రెక్కలు తెంపేది అదే. నూలు దారం తెగితే పతంగి పోతుంది, అంతే కదా!

నుమాయిష్‌కు (నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్‌కు) స్కూల్ తరఫున తీసుకెళ్తారా?

కొన్ని స్కూళ్లు తీసుకెళ్తాయి, మేం తీసుకెళ్లం. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో సందడి సాయంత్రం మొదలై రాత్రి దాకా సాగుతుంది. అంత జనంలో రెండు సెక్షన్ల పిల్లల్ని కాయడం మా వల్ల కాదు. మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది కాబట్టి ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లండి. గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచిపోయే దూరమే. చిన్నపిల్లల జేబులో అమ్మానాన్నల ఫోన్ నంబర్ రాసిన కాగితం పెట్టండి.

ఈ నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో నాంపల్లికి మారింది. అక్కడ వచ్చే డబ్బుతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతోంది. మీరు టికెట్ కొని మిర్చి బజ్జీ తిని వచ్చినా అందులో కొంత చదువుకే చేరుతుంది. తొమ్మిదో తరగతి వాళ్లకు దీని మీద ప్రాజెక్టు ఇస్తే నాకు తెలియని సంగతులు బోలెడు పట్టుకొచ్చారు.

జనవరి 26న రాకపోతే ఏమవుతుంది?

ఏమీ కాదు. కానీ రండి. మార్చ్‌పాస్ట్‌కీ లెజిమ్ డ్రిల్‌కీ చలిలో పొద్దున్నే వచ్చి రోజుల తరబడి ప్రాక్టీస్ చేసిన పిల్లలుంటారు, వాళ్లకు చూసేవాళ్లు కావాలి. ఆగస్టు 15కీ దీనికీ తేడా ఏమిటని పిల్లలు అడుగుతారు. ఆ రోజు జెండాను కింది నుంచి పైకి లాగి ఎగరేస్తారు. జనవరి 26న జెండా ముందే పైన మడిచి కట్టి ఉంటుంది, తాడు లాగి ముడి విప్పుతారు. అందులోంచి బంతిపూల రెక్కలు రాలాలంటే ముడి వేయడం తెలియాలి. మా పీఈటీ సార్ తప్ప ఇంకెవరు కట్టినా ఆ ముడి సమయానికి ఊడిరాదు. ఆయన సెలవు పెట్టిన ఏడు హెచ్ఎం గారు తాడు లాగుతూనే ఉన్నారు! బూందీ లడ్డూ అందరికీ ఉంటుంది.

స్పోర్ట్స్ డే ఎప్పుడు?

జనవరి నెలాఖరులో. నాలుగు హౌసుల మధ్య కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగు పందేలు, ఆరో తరగతి వాళ్లకు లెమన్ అండ్ స్పూన్. తల్లులకు మ్యూజికల్ చైర్స్ పెడతాం. అన్నిటికన్నా భీకరంగా సాగే పోటీ అదే.

మా అబ్బాయి పదో తరగతి. యాన్యువల్ డేలో డాన్స్ వద్దని చెప్పాలా?

అన్నిటికన్నా ఎక్కువసార్లు వినే ప్రశ్న ఇది. చెప్పొద్దనే నా మాట. వార్షికోత్సవం జనవరి చివర్లోనో, ఫిబ్రవరి మొదటి వారంలోనో పెట్టేది పదో తరగతి వాళ్ల కోసమే. ఆ తర్వాత ప్రీ ఫైనల్స్ మొదలవుతాయి, ఇక ఎవరూ కదలరు. ఒక పాటకు రోజూ సాయంత్రం నలభై నిమిషాల రిహార్సల్ పెడతాం. స్టడీ అవర్‌లో పుస్తకం ముందు కూర్చుని కిటికీలోంచి ఆ రిహార్సల్ చూసే పిల్లవాడు ఎటూ చదవడు. ఒక్క ఐటమ్‌కి పేరివ్వనివ్వండి. మూడు నాలుగు ఐటమ్స్‌లో ఉంటానంటే అప్పుడు ఆపండి, ఆ విషయంలో నేను మీవైపే.

ప్రైవేటు స్కూళ్లు రవీంద్రభారతి, శిల్పకళావేదిక, సికింద్రాబాద్ హరిహర కళాభవన్ లాంటి హాళ్లు బుక్ చేసుకుంటాయి. ప్రభుత్వ బడులకు గ్రౌండ్‌లో షామియానా, టెంట్‌హౌస్ కుర్చీలు, అద్దె మైకు. సందడికి తేడా ఉండదు, ఉక్కపోతకు ఉంటుంది. తల్లిదండ్రులు వేళకు రావాలి. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదన్నది చట్టం. ముఖ్య అతిథి గంట ఆలస్యంగా వస్తే ఆ గంట పిల్లల ఐటమ్స్‌లోంచే పోతుంది. ఉపన్యాసాలు తగ్గించమని నేను ఏటా చెబుతాను, ఏటా తగ్గవు.

కాస్ట్యూమ్ ఖర్చు ఎంతవుతుంది?

అద్దె డ్రెస్సులకు డబ్బు వసూలు చేసేది ఉంటే ముందే చీటీ పంపుతాం. జానపదం, బతుకమ్మ పాట, కోలాటం లాంటివి ఎంచుకుంటే ఇంట్లో ఉన్న లంగావోణీ, అమ్మ చీర, నాన్న పంచెతో సరిపోతుంది. ఎవరైనా ఇవ్వలేకపోతే క్లాస్ టీచర్‌కు విడిగా చెప్పండి, పదిమందిలో అడగం. అద్దె డ్రెస్ ఇచ్చేముందు పిన్నీసులు తీసేయండి. మరుసటి ఏడు వేసుకున్న పిల్లకు గుచ్చుకుంటాయి.

సైన్స్ డేకి మోడల్ కొనుక్కుని తేవచ్చా?

తేవచ్చు, మార్కులు రావు. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం. 1928లో సర్ సి.వి. రామన్ కాంతి పరిక్షేపణంపై తన ఆవిష్కరణను ప్రకటించిన రోజు అది, 1987 నుంచి దేశమంతటా జరుపుతున్నారు. ఆ రోజు మా హాల్లో థర్మాకోల్ అగ్నిపర్వతాలు వరసగా నురగలు కక్కుతుంటాయి. వంటసోడా, వెనిగర్ కలిపితే పొంగుతుందని ఆరో తరగతికే తెలుసు. దానికి ఎర్ర రంగేసి తొమ్మిదో తరగతిలో తెస్తే ఏం లాభం?

ఖర్చు లేని ప్రయోగం ఒకటి చెబుతాను. ఇంట్లో బోరు నీళ్లు, నల్లా నీళ్లు రెండూ వచ్చేవాళ్లు హైదరాబాద్‌లో కొల్లలు. ఒకే కొలత సీసాలు రెండు తీసుకుని, ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో నల్లా నీళ్లు సగం దాకా పోయండి. స్నానం సబ్బు గీకి నీళ్లలో కరిగించి, అందులోంచి చెరి పది చుక్కలు వేసి, మూత బిగించి ఒకేలా ఊపండి. నురగ ఎంత ఎత్తు వచ్చిందో స్కేలుతో కొలవండి. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువున్న నీళ్లలో నురగ తక్కువ, పైన తెల్లటి తెట్టు ఎక్కువ. మరిగించి చల్లార్చిన నీళ్లతో మళ్లీ చేయండి. మీ కాలనీలో పది ఇళ్ల నీళ్లు పట్టుకొచ్చి పట్టిక వేస్తే, ఏ ఇంటి గీజర్ ఎందుకు పాడవుతుందో కూడా తెలుస్తుంది. డిటర్జెంట్ పౌడర్ వాడితే తేడా సరిగా కనబడదు, సబ్బే వాడాలి.

ఫిబ్రవరి 21 కూడా తెలుగు పండుగేనా?

తెలుగు ఒక్కదానిదే కాదు. తెలుగు భాషా దినోత్సవం ఆగస్టు 29. ఇది అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం, యునెస్కో 1999లో ప్రకటించింది. మా క్లాసులో తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, కన్నడ, లంబాడీ మాట్లాడే పిల్లలందరూ ఉన్నారు. ఆ రోజు ఒక్కొక్కరు ఇంట్లో అమ్మమ్మనో నానమ్మనో అడిగి ఒక పొడుపుకథ తేవాలి. ముందు వాళ్ల భాషలో చెప్పాలి, తర్వాత మిగతావాళ్లకు అర్థమయ్యేలా విప్పాలి. ఎప్పుడూ నోరు తెరవని వెనక బెంచీ పిల్ల ఆ రోజు క్లాసంతటినీ ఓడించి కూర్చుంటుంది.

స్వపరిపాలన దినం అంటే ఏమిటి? అందులో ఎవరికి ఏ పాత్ర ఇస్తారు?

ఒక్కరోజు బడిని పదో తరగతి వాళ్లకు అప్పగిస్తాం. హెచ్ఎం, సబ్జెక్ట్ టీచర్లు, పీఈటీ, లైబ్రేరియన్, అటెండర్ అందరూ వాళ్లే. కలెక్టర్‌గా ఒకరు, డీఈవోగా ఒకరు తనిఖీకి వస్తారు. ఫిబ్రవరిలో, ఎక్కువగా ఫేర్‌వెల్‌కు ముందు పెడతాం. కొన్ని స్కూళ్లలో రెండూ ఒకే రోజు కలిపేస్తున్నారు. ఆదరాబాదరాగా రెండూ చెడతాయి, అలా చేయొద్దు.

పాత్రలు అడిగిన వాళ్లకు అడిగినట్టు ఇవ్వం. హెచ్ఎం పదవికి పది చేతులు లేస్తాయి, క్లాస్ ఫస్ట్ వచ్చేవాళ్లకే ఇవ్వాలన్న రూలేమీ లేదు. టీచర్ పాత్ర తీసుకునేవాళ్లు వారం ముందే తరగతి, పాఠం ఎంచుకుని, పీరియడ్ ప్లాన్ రాసి సబ్జెక్ట్ టీచర్‌కు చూపించాలి. ఇక్కడ ఒక సలహా. పాఠం మొత్తం చెప్పాలని చూడకండి. ఏడో తరగతికి భిన్నాల కూడిక చెబితే, ఒక్క లెక్కే బోర్డు మీద నెమ్మదిగా చేసి చూపించండి. చీర సర్దుకుంటూ సుద్దముక్క పట్టుకుని బోర్డువైపు తిరగ్గానే వెనక నుంచి పిల్లి కూత వినబడుతుంది. ఎవరు కూశారో కనుక్కోవడానికి మీరు ఇన్నాళ్లూ మీ టీచర్లను పెట్టిన తిప్పలు ఆ ఒక్క నిమిషంలో తెలిసొస్తాయి. కోప్పడితే కూతలు రెట్టింపవుతాయి. కూసినవాణ్ణే బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చేయించిన అమ్మాయికి పోయినేడు ఉత్తమ ఉపాధ్యాయురాలి బహుమతి ఇచ్చాం.

అటెండర్ పాత్ర ఎవరూ అడగరు. అందుకే దాన్ని చీటీ తీసి ఇస్తున్నాం. చీటీలో పేరొచ్చినవాళ్లు పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి గేటు తీయాలి, గదుల తాళాలు తీయాలి, ప్రతి పీరియడ్‌కు గంట కొట్టాలి, రిజిస్టర్ పట్టుకుని క్లాస్ క్లాస్‌కూ తిరగాలి. గంట ఒక్క నిమిషం అటూఇటూ అయితే బడి మొత్తం గందరగోళం. సాయంత్రం సభలో హెచ్ఎం పక్క కుర్చీలో మా అసలు అటెండర్ అన్నను కూర్చోబెట్టి, శాలువా కప్పేది ఆ పిల్లలతోనే.

ఫేర్‌వెల్‌కు డబ్బులు ఎంత ఇవ్వాలి?

ఫేర్‌వెల్ ఇచ్చేది తొమ్మిదో తరగతి, తీసుకునేది పదో తరగతి. టిఫిన్, కూల్‌డ్రింక్, పెన్ను, ఒక గ్రూప్ ఫొటో. ఇంతకు మించి ఎందుకో నాకు అర్థం కాదు. ఈమధ్య ఫ్లెక్సీలు, డీజే, డ్రోన్ కెమెరా అంటున్నారు. చందా రాయాల్సింది పిల్లలు కాదు, స్కూల్ నిర్ణయించిన మొత్తాన్ని మించి ఎవరైనా అడిగితే నాకు చెప్పండి. మెమెంటోలు బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా తెస్తే దగ్గరి షాపులకన్నా చవకగా వస్తాయి.

పదో తరగతి వాళ్లు వెళ్తూ బడికి ఏదో ఒకటి ఇచ్చే ఆనవాయితీ ఉంది. గోడగడియారాలు ఇప్పటికే గదికి రెండున్నాయి, దయచేసి ఆపండి. లైబ్రరీకి పుస్తకాలో, మంచి క్యారమ్ బోర్డో, తాగునీళ్ల దగ్గర స్టీలు గ్లాసులో ఇస్తే వాడుకుంటాం.

చీర, బ్లేజర్ తప్పనిసరా?

కాదు. యూనిఫాంలో వచ్చినా సరే. ఇంట్లో ఉన్న చీర కట్టుకోండి, ఈ ఒక్క రోజు కోసం జనరల్ బజార్‌కు పరుగెత్తక్కర్లేదు. ఫేర్‌వెల్‌లో పదో తరగతి వాళ్లకు సరదా టైటిళ్లు ఇచ్చేటప్పుడు రంగు, ఒళ్లు, ఎత్తు, మార్కుల మీద జోకులు ఉండకూడదు. ఆ జాబితా ముందు నేను చూడాల్సిందే.

రంజాన్ నెలలో ఫేర్‌వెల్ వస్తే ఉపవాసం ఉన్నవాళ్ల సంగతేంటి?

రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఈమధ్య ఏళ్లలో ఫిబ్రవరి, మార్చిల్లోనే పడుతోంది కాబట్టి ఇది నిజంగా ఆలోచించాల్సిన విషయమే. వీలైతే నెల మొదలయ్యే ముందే ఫేర్‌వెల్ పెట్టేస్తాం. కుదరకపోతే భోజనాల కార్యక్రమం తీసేసి, అందరికీ ప్యాకెట్ కట్టి ఇస్తాం, ఎవరికి కుదిరినప్పుడు వాళ్లు తింటారు. ఖర్జూరాలు అందులో ఉంటాయి. ఇది పెద్దల నిర్ణయం కాదు. ఒక ఏడు తొమ్మిదో తరగతి సీపీఎల్ (క్లాస్ లీడర్) వచ్చి, "మేడమ్, సనా వాళ్లు రోజా ఉంటారు, వాళ్ల ముందు మేం బిర్యానీ తింటే ఏం బాగుంటుంది?" అని అడిగింది. అప్పటి నుంచి అదే పద్ధతి. డాన్సులు చేసేవాళ్లలో రోజా ఉన్నవాళ్ల ఐటమ్స్ పొద్దున్నే పెడతాం, మధ్యాహ్నానికి నీరసం వస్తుంది కదా.

స్లామ్‌బుక్, చొక్కాల మీద సంతకాలు?

స్లామ్‌బుక్ తెచ్చుకోండి, క్లాసు జరుగుతుండగా తిప్పొద్దు. టీచర్లూ రాస్తారు, ఫోన్ నంబర్లు మాత్రం అడగొద్దు. చొక్కాల మీద రాతలు పరీక్షల చివరి రోజు జరుగుతాయి. ఆపలేమని మాకు తెలుసు. పాత చొక్కా ఒకటి సంచిలో తెచ్చుకుని దాని మీద రాయించుకోండి. బాగున్న యూనిఫాం కింది తరగతి పిల్లలకు పనికొస్తుంది. పరీక్షా కేంద్రం వేరే వాళ్ల బడి, అక్కడ ఇంకు చల్లుకుంటే తుడిచేది వాళ్ల ఆయాలు.

హాల్‌టికెట్ల రోజు సరస్వతీ పూజ ఉంటుందట. అందరూ కూర్చోవాలా?

ఇష్టమున్నవాళ్లు కూర్చుంటారు. మిగతావాళ్లు తమ ప్రార్థన తాము చేసుకోవచ్చు, ఏదీ చేయకపోయినా ఎవరూ ఏమీ అనరు. తర్వాత అందరికీ హాల్‌టికెట్, పరీక్ష ప్యాడ్, పెన్ను చేతికిస్తాం. పేరు, పుట్టినతేదీ, ఫొటో, సబ్జెక్టులు అక్కడే చూసుకుని తప్పుంటే వెంటనే చెప్పండి. పరీక్షకు ముందు రోజు సెంటర్ ఎక్కడుందో వెళ్లి చూసి రండి. హైదరాబాద్‌లో ఒకే పేరున్న స్కూల్ బ్రాంచీలు అరడజను ఉంటాయి, తప్పు గేటు దగ్గర నిలబడి టెన్షన్ పడేవాళ్లు ఏటా ఉంటారు.

హోలీ స్కూల్లో ఆడతారా?

లేదు. పరీక్షల ముందు కంట్లో రంగు పడితే ఎవరిది బాధ్యత? ఇంటి దగ్గర ఆడుకోండి.

ఒంటిపూట బడుల్లో ఇక కార్యక్రమాలు ఉండవా?

మామూలుగా మార్చి మధ్య నుంచి బడి ఉదయం ఎనిమిదింటికి మొదలై పన్నెండున్నరకు అయిపోతుంది. ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం తిని ఇంటికి పోవచ్చు. పదో తరగతి పరీక్షా కేంద్రం పడిన బడుల్లో ఆ పరీక్షలు అయ్యేదాకా క్లాసులు మధ్యాహ్నం పెడతారు, ఆ మార్పు చూసుకోండి. ఉగాది ముందు పచ్చడి చేస్తాం, వేపపువ్వు స్కూల్ చెట్టుదే. పిల్లలు రాసిన కవితలతో చిన్న కవి సమ్మేళనం ఉంటుంది. అంతకు మించి పెట్టం, ఎండ అలా ఉంటుంది.

మధ్యాహ్నం ఇంటికొచ్చిన పిల్లలు గల్లీ క్రికెట్‌కు పోతారు, పోనివ్వండి, నాలుగు దాటాక. క్వారీ గుంటలు, చెరువుల వైపు మాత్రం పోనివ్వొద్దు. ఈ ఒక్క విషయంలో పిల్లల మాట నమ్మకండి, ఎక్కడున్నారో ఫోన్ చేసి కనుక్కోండి.

చివరి పనిదినం రోజు ఏముంటుంది?

ఏప్రిల్ 23 ప్రాంతంలో వస్తుంది. తొమ్మిది వరకు క్లాసుల ప్రోగ్రెస్ కార్డులు ఇస్తాం, తల్లిదండ్రుల్లో ఒకరు రావాలి. లైబ్రరీ పుస్తకాలు, స్పోర్ట్స్ డ్రెస్సులు, యాన్యువల్ డేకి తీసుకున్న గజ్జెలు ఆ రోజు అప్పగించాలి. గజ్జెలు ప్రతి ఏడూ ఒక జత తక్కువొస్తాయి, అటక మీద ఒకసారి వెతకండి. పదో తరగతి వాళ్లు గైడ్లు, నోట్సులు తెస్తే తొమ్మిదో తరగతి వాళ్లకు చేతికే ఇప్పిస్తాం. మిగిలినవి మూటకట్టి స్టాఫ్‌రూమ్‌లో పెడతాం, జూన్‌లో బడి తెరిచాక వచ్చి అడిగినవాళ్లకు ఇస్తాం.